సందేహాలు – సమాధానాలు: వీరుడెవరు?

సందేహం: పత్రికల్లో ‘శతకవీరుడు’, ‘వీరబాదుడు’ అని రాస్తున్నారు, రోగులకు సేవ చేసిన వైద్యులనూ వీరులంటున్నారు. కత్తి పట్టి పోరాడినవాడే వీరుడని మా తాతగారి వాదం. కత్తులు పోయిన ఈ కాలంలో ఆ మాట ఎవరికి చెల్లుతుంది?

సమాధానం: తాతగారు చెప్పినది పాత అర్థంలో ఒక పాలు మాత్రమే. వేదంలో ‘వీర’ శబ్దానికి మగవాడు, కొడుకు అనే అర్థాలున్నాయి. పతీ పుత్రులూ లేని స్త్రీని అమరకోశం ‘అవీర’ అన్నది అందుకే. సాహిత్యదర్పణమనే సంస్కృత అలంకారగ్రంథం రాసిన విశ్వనాథుడు వీరరసాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయా భేదాలతో నాలుగు విధాలు చేశాడు. దానికి స్థాయిభావం, అంటే రసానికి మూలమైన భావం, ఉత్సాహం; క్రోధం రౌద్రరసానిది. పళ్లు కొరుకుతూ పదిమందిని చావగొట్టే వెండితెర నాయకుణ్ణి వీరుడని పొగిడేవారికి ఈ తేడా పట్టదు.

దానవీరం మాట వచ్చాక పోతన గడప తొక్కకుండా పోవడం నా వల్ల కాదు. వచ్చిన వటువు విష్ణువేనని, ఇస్తే సర్వస్వం పోతుందని శుక్రాచార్యుడు హెచ్చరించినా, భాగవతం అష్టమస్కంధంలో బలి ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’ అని ఎత్తుకొని, యశస్సు కోరి ఇచ్చిన శిబి మొదలైనవారిని తలచుకొని, ‘వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా’ అని ముగిస్తాడు. ఆ ‘యిక్కాలమున్’ దగ్గర కాసేపు ఆగండి. మనకు పురాణపురుషుడైన బలికి శిబి పాతకాలపువాడు. మీ ప్రశ్న బలికీ ఎదురైనదే. శిబి పావురం కోసం తన మాంసం కోసి ఇచ్చాడు. బలి ముందుకు పావురం రాలేదు, మూడడుగులు అడిగే పొట్టివాడు వచ్చాడు. అడిగినది మారినా, ఓడిపోతానని తెలిసి ఇచ్చిన మాట నిలుపుకోవడం మారలేదు. మొత్తం పద్యంలో కత్తి ప్రసక్తే లేదని తాతగారికి మనవి చేయండి.

ఇక మీ మాటలు. ప్రాణభయాన్ని పక్కనపెట్టి సేవ చేసిన వైద్యుణ్ణి దయావీరుడనడానికి శాస్త్రం అడ్డురాదు. ‘శతకవీరుడు’ అనగానే నాకు నూరు పద్యాలు రాసిన కవి మెదులుతాడు గాని, నూరు పరుగులకు శతకమన్న పేరు జనంలో స్థిరపడిపోయింది. ‘వీరబాదుడు’లో మాత్రం ‘వీర’ శబ్దం ‘వీరాభిమాని’లో వలెనే ‘మిక్కిలి’ అన్న అర్థానికి దిగజారింది. నేనైతే రాయను, తప్పని కొట్టివేయడానికీ జంకుతున్నాను.