టెక్ సందేహాలు: పాయింట్లు ఇవ్వడం కాదు, లెక్క నిలబడాలి

ప్రశ్న: మా కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్, క్లబ్బులు, హ్యాకథాన్లు అన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైట్ చేస్తున్నాం. పాల్గొన్నవాళ్లకు పాయింట్లు, బ్యాడ్జీలు, లీడర్‌బోర్డు ఉంటాయి. మా మేజర్ ప్రాజెక్టు కూడా ఇదే. ఏ టెక్నాలజీ మంచిది? దొంగ పాయింట్లను ఎలా ఆపాలి?
- బీటెక్ ఫైనలియర్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: టెక్నాలజీ గురించి టెన్షన్ వద్దు. మీ టీముకు ఏది బాగా వస్తే అదే. నా ఓటు మాత్రం జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్)లకే. జాంగోలో అడ్మిన్ పేజీలు రెడీగా వస్తాయి కాబట్టి, ఫ్యాకల్టీ ఆమోదాలకు మొదట్లో అవే సరిపోతాయి. అయిదారు వేల మంది ఉన్న లీడర్‌బోర్డుకు రెడిస్ లాంటి వేగవంతమైన మెమరీ డేటాబేస్ అక్కర్లేదు, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లోని ర్యాంక్ ఫంక్షన్ చాలు.

అసలు పని పాయింట్ల ఖాతాలో ఉంది. విద్యార్థి పేరు పక్కన 'మొత్తం పాయింట్లు' అని ఒక కాలమ్ పెట్టి పెంచుకుంటూ పోకండి. రేపు ఎవరైనా 'నాకు ఇరవై తగ్గాయేంటి?' అంటే చూపించడానికి ఏమీ ఉండదు. బ్యాంకు పాస్‌బుక్‌లా ప్రతి ఎంట్రీకీ ఒక వరుస ఉండాలి: ఎవరికి, ఏ కార్యక్రమానికి, ఎన్ని, ఎవరు ఆమోదించారు, ఎప్పుడు. తప్పు పడితే పాత వరుసను చెరపకుండా మైనస్‌తో కొత్తది రాయండి. హాజరు టేబుల్‌లో విద్యార్థి, కార్యక్రమం జంటకు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జంట రెండోసారి పడకుండా ఆపే నిబంధన) పెడితే, నెట్ స్లోగా ఉండి బటన్ రెండుసార్లు నొక్కినా ఒక్క హాజరే పడుతుంది.

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ యాక్టివిటీ పాయింట్ల పథకంలో నాలుగేళ్ల బీటెక్‌కు 100 పాయింట్లు, లేటరల్ ఎంట్రీ (డిప్లొమా తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరిన) వాళ్లకు 75. ఎన్‌ఎస్‌ఎస్‌లో అయితే లెక్క గంటల్లో: రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. అందుకే గంటల్ని పాయింట్లలో కలిపేయకుండా వేరే కాలమ్‌లో ఉంచండి.

ఇక దొంగ హాజరు. హాల్లో క్యూఆర్ అతికిస్తే నిమిషంలో దాని ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది, హాస్టల్లో పడుకున్నవాళ్లకూ హాజరు పడుతుంది. 30 సెకన్లకోసారి మారే కోడ్ కొంత నయం. అయినా వీడియో కాల్‌లో చూపించేవాళ్లు ఉంటారు. కాబట్టి పద్ధతి తిప్పేయండి: విద్యార్థి తన ఫోన్‌లో కోడ్ చూపించాలి, గుమ్మం దగ్గర వాలంటీర్ స్కాన్ చేయాలి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం, స్క్రీన్ మీది ఫొటో కలిశాయో లేదో ఆ వాలంటీర్ చూస్తారు.

ఒక్కటి గట్టిగా చెబుతాను, రక్తదానానికి పాయింట్లు పెట్టకండి. బ్యాడ్జీ కోసం జ్వరాన్నో, వాడుతున్న మందులనో దాచి వచ్చేవాళ్లు ఒక్కరున్నా అది రోగి ప్రాణాల మీదకు వస్తుంది. మిగతావాటిలోనూ బహుమతి మోతాదు చూసుకోండి. 1971లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ చేసిన ప్రయోగంలో, పజిల్స్‌కు డబ్బు తీసుకున్న విద్యార్థులు డబ్బు ఆగాక వాటిపై ముందంత ఆసక్తి చూపలేదు. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ కూడా వరుస రోజులు లెక్కించే స్ట్రీక్ కౌంటర్‌ను 2016లో తీసేసింది.

లీడర్‌బోర్డులో కాలేజీ టాప్ టెన్ మాత్రమే కనిపిస్తే మిగతావాళ్లు రెండో వారానికే సైట్ తెరవరు. ఎవరికి వారికి తమ పైన అయిదుగురు, కింద అయిదుగురు కనిపించాలి. ప్రతి సెమిస్టర్‌కూ సున్నా నుంచి మొదలవ్వాలి. సాయంత్రం కాలేజీ బస్సు పట్టుకోవాల్సిన డే స్కాలర్లను మర్చిపోకండి. సాయంత్రం ఈవెంట్లకే పాయింట్లంటే వాళ్లకు అన్యాయం.

మరి ఫ్యాకల్టీ వాడాలంటే? న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైలుకు కావాల్సిన కార్యక్రమాల జాబితా, పాల్గొన్నవాళ్ల పేర్లు ఒక్క క్లిక్‌తో ఎక్సెల్‌లో వచ్చేలా చేయండి. బ్యాడ్జీల డిజైన్ కంటే ముందు ఆ బటన్ పూర్తి చేయండి.