మిలియన్ డాలర్ ఆర్మ్ సినిమాలోని రింకూ, దినేశ్ నిజంగా మేజర్ లీగ్‌లో ఆడారా?

ఆడలేదు, 2008లో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకున్న మాట నిజమే కానీ, అక్కడి అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఇద్దరూ ఒక్క బంతి కూడా వేయలేదు.

అమెరికాలో ప్రతి మేజర్ లీగ్ జట్టు కింద అంచెలంచెలుగా చిన్న జట్లుంటాయి. కొత్తవారు సాధారణంగా అట్టడుగున రూకీ లీగ్‌లో మొదలుపెట్టి సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ మెట్లెక్కాలి. చిన్ననాటి నుంచి బేస్‌బాల్ ఆడినవారిలోనే ఎక్కువమంది మధ్యలో ఆగిపోతారు. వీళ్లేమో ఈటె విసిరే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు. ఆ బంతి పట్టిందే వేగంగా బంతి విసిరేవారిని వెతికిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే టీవీ పోటీ కోసం.

రింకూ సింగ్‌నే తీసుకోండి. 2009లో రూకీ లీగ్‌లో ఆడి, 2011కల్లా సింగిల్ ఏ దాకా వెళ్లాడు. ఆపై చేతి గాయాలు, శస్త్రచికిత్స. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరి, తర్వాత వీర్ మహాన్ పేరుతో కుస్తీలు పట్టాడు. (క్రికెటర్ రింకూ సింగ్ వేరే మనిషి, ఇద్దరినీ కలిపేయకండి.) దినేశ్ పటేల్‌ను జట్టు 2010లోనే వదులుకుంది.

2014లో వచ్చిన సినిమా ఒప్పందం దగ్గరే కథ ముగించడంతో, సంతకం చేస్తే పెద్ద జట్టులో చోటు దొరికినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి దానితో దొరికింది కింది అంచెలో ఆడే అవకాశమే. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్న తొలి భారతీయులన్న గుర్తింపు మాత్రం వాళ్లకు న్యాయంగానే దక్కింది.