గేర్ రాడ్డు మారిస్తే గేరు పడుతుందా?

ప్రశ్న: అన్నా, నాది తొమ్మిదేళ్ళ 350 సీసీ బండి. కడప నుంచి ఎర్రగుంట్లకు రోజూ పనికి దాని మీదే పోయొస్తా. రెండు నెలలుగా మూడు నుంచి నాలుగుకు వేస్తే ఒక్కోసారి గేరు పడదు, న్యూట్రల్ మాదిరి ఇంజన్ ఊరికే అరుస్తుంది. గేర్ లివర్ కూడా గలగలమంటోంది. బాల్ జాయింట్లు ఉన్న లింకేజ్ కిట్, అంటే లివర్‌ను గేర్ షాఫ్ట్‌కు కలిపే రాడ్డు సెట్టు, వేసుకోమంటున్నాడు ఫ్రెండ్. దాంతో పోతుందా? నేనే బిగించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: తమ్ముడూ, డబ్బులు పెట్టకముందు ఒక పని చెయ్. ఇంజన్ ఆపి, బండికి మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ లోంచి బయటికొచ్చే గేర్ షాఫ్ట్ మీదున్న చిన్న ఆర్మును ఎడమచేత్తో గట్టిగా పట్టుకో. కుడిచేత్తో లివర్ కొనను పైకీ కిందికీ ఆడించు. ఆర్ము కదలకుండా లివర్ ఒక్కటే వేలెడు మందం ఆడుతుంటే తప్పు రాడ్డు కీళ్ళలోనో లివర్ బుష్‌లోనో ఉన్నట్టు. నువ్వు కాలు పూర్తిగానే ఎత్తుతున్నావు, అందులో కొంత ఆ లూజు తినేస్తోంది. షాఫ్ట్ తిరగాల్సినంత తిరగక గేరు మధ్యలో నిలిచిపోతోంది. ఎర్రగుంట్ల దారి అంటున్నావు కాబట్టి నా అనుమానం దీని మీదే. ఆ దారిలో లేచే కడప బండల పొడి గ్రీజులో కలిసిందంటే ఆకురాయి పెట్టి రాసినట్టే.

ఆర్మే షాఫ్ట్ మీద ఊగుతుంటే మాత్రం ఆర్మూ షాఫ్టూ ఒకదాన్నొకటి పట్టుకునే పళ్ళు అరిగాయని అర్థం, రాడ్డు మార్చి లాభం లేదు. ఏదీ ఊగకపోతే క్లచ్ కేబుల్ చూడు. చేతి లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు చాలు, ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు.

కిట్టే కావాలని తేలితే నువ్వే బిగించుకోవచ్చు. విప్పేముందు ఆర్ముకూ షాఫ్ట్‌కూ కలిపి పెయింట్‌తో ఒక గీత పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసుకో. ఆర్ము బోల్టును లూజు చేసి వదిలెయ్యకు, పూర్తిగా బయటికి తియ్యి. చాలా బండ్లలో అది షాఫ్ట్ గాడిలో కూర్చుని ఉంటుంది, తియ్యకుండా సుత్తితో కొడితే పళ్ళు పోతాయి. పాత రాడ్డు పొడవును ఒక కొనలోని కన్ను (చిల్లు) మధ్య నుంచి ఇంకో కన్ను మధ్యకు కొలిచి, కొత్తది అంతే పెట్టు. ఒక కొనకు మామూలు మర, రెండో కొనకు ఉల్టా మర ఉంటుంది, అందుకే రాడ్డు తిప్పితే పొడవు మారుతుంది. రెండు వైపులా మర సమానంగా లోపలికి పోవాలి. రాడ్డుకూ ఆర్ముకూ మధ్య ఎల్ అక్షరం లాంటి మూల ఉంటే పైకీ కిందికీ ఒకే తీరుగా పడుతుంది. కొన్ని కిట్లలో ఆర్ముకు రెండు చిల్లులుంటాయి. షాఫ్ట్‌కు దగ్గరున్న దాంట్లో వేస్తే కాలు కొంచెం కదిపినా గేరు పడుతుంది గానీ గట్టిగా నొక్కాలి. రోజూ తిరిగే నీకు దూరపు చిల్లే నయం.

రాడ్డు తిరక్కుండా రెండు కొనల్లో బిగించే చెక్ నట్లు మర్చిపోకు. ఇది నాకు తగిలిన దెబ్బ. నా బండికి లింకేజ్ వేసుకున్న వారానికి రాయచోటి పోతున్నా. గువ్వలచెరువు ఘాట్‌లో రెండో గేరుకు దించుదామని నొక్కితే లివర్ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కు తగిలి ఆగిపోయింది. అదురుకు నట్లు వదులై, రాడ్డు తనంతట తానే తిరిగి, లివర్ కిందికి వాలిపోయింది. మూడో గేరులోనే ఏడ్చుకుంటూ పాలకోవా అంగళ్ళ దాకా ఎక్కించా. పదో నంబర్ పానా దొరికేలోపు పావుకిలో కోవా అయిపోయింది. నట్లకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసుంటే ఆ తిప్పలు తప్పేవి. ఎరుపుది వద్దు, మళ్ళీ విప్పాలంటే వేడి చెయ్యాలి.

బిగించాక వెనక చక్రం చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడు, ఆ తర్వాతే రోడ్డెక్కు. వంద కిలోమీటర్లకు నట్లు మళ్ళీ చూసుకో. కొనేటప్పుడు జాయింట్ల మీద రబ్బరు టోపీలున్న కిట్టే తీసుకో. అవి లేకపోతే ఏడాది తిరక్కుండా నాకు ఇదే ప్రశ్న మళ్ళీ రాస్తావు.