తోక మీది చుక్కను నమ్మొద్దు

ప్రశ్న: మా కుంటలో శీలావతి పిల్లలు వదిలాం. హంద్రీ పొంగినప్పుడు ఆ నీళ్లూ లోపలికి వచ్చాయి. ఇప్పుడు వల వేస్తే మూడంగుళాల తెల్లచేపలే ఎక్కువ పడుతున్నాయి. తోక మొదట్లో నల్లచుక్క ఉంది. ఇవి ఎదగని శీలావతులా, పరిగెలా?
– ఒక రైతు, కోడుమూరు, కర్నూలు జిల్లా

జవాబు: శీలావతి పిల్లకూ చిన్నప్పుడు తోక మొదట్లో నల్లమచ్చ ఉంటుంది. కాబట్టి చుక్కతో తేలదు, పొలుసులు లెక్కపెట్టాల్సిందే. చేపను గుడ్డతో అద్ది వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. మొప్ప మూత వెనక నుంచి తోక దాకా సన్నని రంధ్రాల గీత కనిపిస్తుంది. ఆ గీత మీది పొలుసులను గుండుసూదితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కించండి. తోకను పక్కకు వంచితే మడత పడే చోట ఆపేయాలి. రెక్క మీదికి పాకినవి కలిపితే లెక్క పెరుగుతుంది. శీలావతికి 40 లేదా ఆ పైన వస్తాయి, పరిగెకు 22 నుంచి 34. మధ్యలో రెండు మూడు తప్పినా ఫలితం మారదు. అనుమానం తీరకపోతే వీపు రెక్క విప్పి, కొసన చీలిన ఈనెలు చూడండి: పరిగెకు సాధారణంగా 8, శీలావతికి 12కు తగ్గవు. పొట్ట కోస్తే గుడ్లున్నాయా, ఇక లెక్కలే అక్కర్లేదు. శీలావతి ఆ సైజులో గుడ్లు పట్టదు.

ఏ పరిగె అన్నది మీసాలు, చుక్కలు చెబుతాయి. మీసాల్లేకుండా వీపు రెక్క మొదట్లో ఒకటి, తోక మొదట్లో ఒకటి చుక్కలుంటే పుంటియస్ సోఫోర్. ఒక చుక్క మొప్ప వెనక, రెండోది తోకకు కాస్త ముందు ఉండి, వీపు ముల్లు వెనకంచు రంపంలా గీసుకుంటే పెథియా టిక్టో. దీనికి రంధ్రాల గీత మధ్యలోనే ఆగిపోతుంది. అదే వరుసలో మిగతా పొలుసులూ కలిపి లెక్కించాలి. ఒక జత మీసాలుంటే పుంటియస్ చోలా కావచ్చు. రెండు జతలుంటే సిస్టోమస్ సరానా, ఇదొక్కటే అడుగు దాకా పెరుగుతుంది.

చాలామంది తప్పేది మీసాల దగ్గరే. గట్టు మీద అవి పెదవికి అతుక్కుని లేనట్టే ఉంటాయి. తెల్లగిన్నెలో నీళ్లు పోసి, చేపను అందులో ఉంచి భూతద్దంతో చూడండి. ఐసులో పెడితే చుక్కలు పాలిపోతాయి కాబట్టి ఫోటో ముందే తీయాలి, పక్కన స్కేలు పెట్టి. చేపను దాచిపెట్టాలంటే ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు. ఆ చేప మాత్రం కూరకు పనికిరాదు.