సుందర్‌బన్స్‌లో సరిహద్దు గీత కనిపించలేదు, నీళ్ల తేడా కనిపించింది

"ఒకే అడవి రెండు దేశాల్లో ఉంటే అటువైపూ ఇటువైపూ ఏమైనా తేడా ఉంటుందా? ఎవరైనా కళ్లారా చూశారా?" అని అడిగారు. నేను సుందర్‌బన్స్ మడ అడవిని మన దేశం వైపు నుంచి చూశాను. బంగ్లాదేశ్ లోపలికి వెళ్లలేదు. అయినా మీ ప్రశ్నకి జవాబు చాలావరకు అక్కడే దొరికింది.

మాది విశాఖ, పెదవాల్తేరు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది బెంగాల్లో గోసాబా దగ్గర ఒక దీవి. ఒకసారి జనవరిలో తను ఊరెళ్తుంటే నేనూ మా ఆవిడా కూడా బయల్దేరాం. హౌరాలో దిగి, సియాల్దా నుంచి కానింగ్ లోకల్ ఎక్కి, అక్కణ్నుంచి గదఖాలి రేవుకి ఆటోలో వెళ్లి, ఆ తర్వాత పడవ.

ఉప్పుటేరు, బురద, ఆ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి చూసినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. కానీ కోరింగలో చెక్కల బాట మీద కాసేపు నడిస్తే తిరిగి రోడ్డు మీదకి వచ్చేస్తాం. ఇక్కడ రోజంతా పడవలో తిరిగినా ఆ అడవి అంచు కనిపించలేదు. రెండు దేశాల్లో కలిపి దాదాపు 10,000 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, అందులో సుమారు 6,000 బంగ్లాదేశ్‌దే. యునెస్కో జాబితాలో మన భాగం 1987లో చేరింది, వాళ్ల భాగం 1997లో.

ఇక తేడా సంగతి. సుందరి చెట్టు పేరు మీదే ఈ అడవికి సుందర్‌బన్ అని పేరొచ్చిందంటారు కదా, ఒక్కటి చూపించమని పడవ నడిపే ఆయన్ని అడిగాను. చాలాసేపు వెతికి దూరంగా ఒక చెట్టు చూపించి, "ఇటు తక్కువ, అటు చాలా ఉంటాయి" అని తూర్పు వైపు చెయ్యి ఊపాడు. సుందరికి కాస్త మంచినీరు కావాలి. కొన్ని వందల ఏళ్లుగా గంగ ప్రధాన ప్రవాహం తూర్పుకి జరిగిపోయి, పద్మ పేరుతో బంగ్లాదేశ్‌లోకి వెళ్తోంది. మన వైపు మాతలా, విద్యాధరి లాంటి నదులకి ఎగువ నుంచి నీళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. వాటిలో పోటుకి ఎక్కి ఆటుకి దిగే సముద్రపు నీరే ఉంటుంది. అందుకే ఇటు ఉప్పు ఎక్కువ, ఉప్పుని తట్టుకునే చెట్లే ఎక్కువ.

అయితే ఈ తేడా సరిహద్దు దగ్గర మొదలవ్వదు. బంగ్లాదేశ్ భాగంలోనే తూర్పు అంచున ఉప్పు తక్కువ, పడమటికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. మన వైపుకి వచ్చేసరికి ఇంకా ఎక్కువ. అడవి నీటిని బట్టి మారుతుందే తప్ప 1947లో గీసిన గీతని బట్టి కాదు.

మనుషులు చేసిన తేడా కూడా ఉంది, అదీ నీళ్ల గురించే. మన దేశంలో గంగ మీద కట్టిన ఫరక్కా బరాజ్ 1975లో పనిచేయడం మొదలయ్యాక గంగ నీటిలో కొంత హుగ్లీకి మళ్లింది. ఎండాకాలంలో తమ వైపు అడవికి మంచినీరు తెచ్చే గోరాయి నది ఎండిపోతోందని బంగ్లాదేశ్ బాధ. 1996లో 30 ఏళ్లకి నీటి ఒప్పందం చేసుకున్నారు. నా ఉద్దేశంలో ఈ అడవి బతుకు పులుల మీద చేసుకునే ఒప్పందాల కంటే ఈ నీళ్ల ఒప్పందం మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

పులుల సంగతీ చెప్పాలి. 2020 డిసెంబరులో బసీర్‌హాట్ రేంజ్‌లో ఒక మగపులికి మన అటవీ శాఖ రేడియో కాలర్ పెట్టింది. అది నదులు ఈదుకుంటూ, నాలుగు నెలల్లో దాదాపు 100 కిలోమీటర్లు తిరిగి బంగ్లాదేశ్‌లోని తాల్‌పట్టి దీవికి చేరింది. మన వైపు సుమారు 100 పులులున్నాయని, అటు 125 ఉన్నాయని (2024లో ప్రకటించిన లెక్క) చదువుతాం. ఇలా ఈదుకుంటూ తిరిగేవాటిని రెండు దేశాలూ ఒకే సమయంలో కలిసి లెక్కపెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కలిసి పనిచేద్దామని 2011 సెప్టెంబరులో ఢాకాలో సంతకాలైతే చేశారు.

ఆఫీసు అమ్మాయి వాళ్ల ఊళ్లో కరకట్ట పక్కనే అడవి తల్లి బోన్‌బీబీ గుడి ఉంది, గుడి అంటే చిన్న పాక. తేనెకీ పీతలకీ అడవిలోకి వెళ్లేవాళ్లు హిందువులైనా ముస్లింలైనా ఆ తల్లికి మొక్కే వెళ్తారు. అవతలి దేశంలోనూ ఇదే మొక్కు.

ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారిని మేం కూడా మాశీమా అనే పిలిచాం, అంటే పిన్ని. ఆవిడ మమ్మల్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, తన భుజం ఎత్తున అరచెయ్యి ఆనించి, "ఐలాకి నీళ్లు ఇక్కడిదాకా" అన్నారు. 2009 మే 25న వచ్చిన తుపాను అది. కరకట్ట తెగి ఉప్పునీళ్లు పొలాల్లోకి వచ్చాయి, తర్వాత మూడేళ్లు వరి పండలేదట. అదే తుపాను అవతల సాత్‌ఖీరా, ఖుల్నా జిల్లాలనీ ముంచేసింది. మా ఇల్లెక్కడని అడిగితే సముద్రం పక్కనే అన్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా కిటికీ అద్దాలు పగిలిపోయి, రాత్రంతా వంటింట్లో కూర్చున్న సంగతి మా ఆవిడ చెప్పింది. వచ్చీరాని హిందీలోనే అయినా ఆవిడకి మొత్తం అర్థమైంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అడవి లోపల సరిహద్దు దాకా పర్యాటకుల్ని తీసుకెళ్లరు, అటువైపు బీఎస్ఎఫ్ వాళ్ల తేలే ఔట్‌పోస్టులున్నాయి. రెండు దేశాల్నీ ఒకేసారి చూడాలంటే టాకీ వెళ్లండి. ఇచ్ఛామతి నది ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించేది బంగ్లాదేశే. మేం వెళ్లిన సాయంత్రం అవతలి గట్టు మీద ఒకాయన ఆవుని కడుగుతున్నాడు. ఆయన ఆవు వీపు మీద పోసిన నీళ్లూ, మా పక్కన పిల్లాడు కాళ్లు పెట్టిన నీళ్లూ ఒకటే నది.

అంత దూరం వెళ్లలేకపోతే ముందు మన అరకు దాటి మాచ్‌ఖండ్ వైపు వెళ్లి చూడండి. దేశాలు కాదు, రాష్ట్రాలే అనుకోండి. ఒడిశా బోర్డు వస్తుంది, బోర్డు మీద లిపి మారుతుంది, తూర్పు కనుమలు మాత్రం అవే. దేశాల మధ్యే చూడాలంటే అస్సాంలో మానస్ కూడా ఉంది. అక్కడ మాథన్‌గురి దగ్గర నది అవతల భూటాన్ వాళ్ల రాయల్ మానస్ పార్కు. నేనింకా వెళ్లలేదు, వచ్చే చలికాలానికి అనుకుంటున్నాం.

సుందర్‌బన్స్‌కి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే మంచిది. అడవిలోకి పర్మిట్, గైడ్ తప్పనిసరి. గుర్తింపు కార్డు ఒరిజినల్ పెట్టుకోండి, టాకీలో కూడా అడుగుతారు.