కలప బండి గుంజల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. అడవుల్లో కలప మోసే బండ్లకు రెండు పక్కలా ఉండే ఇనప గుంజలను అవసరాన్ని బట్టి జరుపుకునేలా డిజైన్ చేస్తాడట, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాని మీదేనట. ఫిన్లాండ్, స్వీడన్ వీడియోలు చూసి ‘అక్కడికే వెళ్తా, ఆ పనే చేస్తా’ అంటున్నాడు. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరిపోయారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఈ లైన్‌లో భవిష్యత్తు ఉందా, లేక ఇప్పుడే మాన్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీరు ఒకే ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగారు. ప్రాజెక్టు మంచిదేనా అన్నది మొదటిది. నిక్షేపంలా మంచిది, చేయనివ్వండి. ఆ ఒక్క వస్తువునే నమ్ముకుని బతకవచ్చా అన్నది రెండోది. ఇక్కడ ఉండి అయితే కుదరదు. అక్కడికి వెళ్లినా ఆ గుంజ ఒక్కటే చేతికిచ్చి ఉద్యోగం ఇచ్చే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేసి ఆలోచిస్తున్నారు కాబట్టే మీ ఇంట్లో గొడవ.

ముందు మీవాడు చూస్తున్న బండి సంగతి చెబుతాను. ఫిన్లాండ్, స్వీడన్ అడవుల్లో చెట్టు నరకడం, కొమ్మలు చెక్కేయడం, దుంగలుగా కోయడం అన్నీ హార్వెస్టర్ అనే యంత్రమే చేసేస్తుంది. దాని వెనకాల ఫార్వర్డర్ వస్తుంది. ఆరో ఎనిమిదో చక్రాలు, నడుము దగ్గర వంగి మలుపు తిరిగే ఛాసిస్, పైన ఒక క్రేన్. పడి ఉన్న దుంగలను ఏరి తన మీద పేర్చుకుని లారీ వచ్చే రోడ్డు దాకా మోసుకొస్తుంది. వెనక భాగంలో అడ్డంగా దూలాలు, ప్రతి దూలానికీ రెండు చివరలా నిలువు గుంజలు ఉంటాయి. ఈ జతను బంక్ అంటారు. పది పదిహేను టన్నుల దుంగలు పక్కకు దొర్లిపోకుండా ఆపేవి ఆ గుంజలే.

వాటిని జరపాల్సిన అవసరం ఏమిటంటారా? అడవిని పలచన చేసేటప్పుడు బండి కోసం వదిలే దారి సుమారు 4 మీటర్లు. బండి వెడల్పే 3 మీటర్ల దాకా ఉంటుంది. గుంజలు బయటికి చాచుకుని ఉంటే, ఉంచేయాల్సిన చెట్ల బెరడు గీరుకుపోతుంది. అదే బండి ఇంకోరోజు కొమ్మలు, చివళ్లు మోస్తుంది. వాటిని కాల్చి అక్కడి ఊళ్లలో ఇళ్లకు వేడి సరఫరా చేస్తారు. కొమ్మల లోడు చూడటానికి కొండంత ఉన్నా బరువు తక్కువ, కాబట్టి దానికి వెడల్పూ ఎత్తూ రెండూ కావాలి. మర్నాడు స్ప్రూస్ అనే చెట్టు పచ్చి దుంగలు వచ్చాయనుకోండి, అంతే వెడల్పులో నిండా పేరిస్తే బండి మోయగలిగే బరువు దాటిపోతుంది. పక్కవాలు నేల మీద ఎత్తు పెంచితే గరిమనాభి పైకి వెళ్లి బోల్తా భయం పెరుగుతుంది. ఇక పొడవు సంగతి. దుంగ 3 మీటర్లు ఉండొచ్చు, 5 మీటర్లు ఉండొచ్చు. ఏదైనా సరే కనీసం రెండు జతల గుంజల మధ్య నిలవాలి, లేకపోతే దారిలో జారిపోతుంది. అందుకే బంక్‌ను ఛాసిస్ మీద ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు, గుంజను పైకి లాగి పిన్ను పెట్టే ఏర్పాటు, హైడ్రాలిక్ సిలిండర్‌తో పక్కకు తెరిచే ఏర్పాటు వచ్చాయి.

‘ఇనప గుంజలో ఇంజినీరింగ్ ఏముంటుంది’ అని అనుకోకండి. ఒక చిన్న లెక్క మీవాడి చేత మీ ముందే చేయించండి. 12 టన్నుల లోడు, మూడు జతల గుంజలు. రోడ్డు మీద లోడు కట్టడానికి యూరప్ వాడే ఈఎన్ 12195-1 ప్రమాణం ప్రకారం, పక్కకు లోడు బరువులో సగం తోపు వస్తుందని లెక్క వేయాలి. అంటే 6 టన్నులు. రాపిడిని పక్కన పెడితే ఒక పక్క ఉన్న మూడు గుంజలకు తలా 2 టన్నులు. ఆ తోపు అడుగు నుంచి మీటరు ఎత్తులో పడితే గుంజ మొదలు దగ్గర 2 టన్ను-మీటర్ల వంచే బలం (బెండింగ్ మూమెంట్) పడుతుంది. ఇప్పుడు గుంజను పైకి లాగి, లోడు ఎత్తు పెంచి, ఆ తోపును 1.3 మీటర్లకు చేర్చండి. బరువు కిలో కూడా పెరగలేదు, మొదలు దగ్గర వంచే బలం మాత్రం 30 శాతం పెరిగింది. పగుళ్లు మొదలయ్యేది ఆ వెల్డింగ్ దగ్గరే.

మామూలు స్టీలు బదులు గట్టి స్టీలు వాడితే సరిపోతుంది కదా అని పిల్లలు వెంటనే అంటారు. అక్కడి తయారీదారులూ వాడతారు. ఫిన్లాండ్‌లో 2013 నుంచి లారీ మొత్తం బరువు 76 టన్నుల దాకా అనుమతించారు, స్వీడన్‌లో 2018 నుంచి కొన్ని రోడ్ల మీద 74 టన్నులు. ఆ పరిమితిలో గుంజ ఎంత తేలికైతే కలప అంత ఎక్కువ పడుతుంది. కానీ స్టీలు బలం 250 నుంచి 700 మెగాపాస్కల్స్‌కు పెరిగినా వంగకుండా నిలిచే దాని బిగువు పెరగదు, కాబట్టి సన్నగా చేసిన గుంజ ఎక్కువ వంగుతుంది. పదేపదే కుదుపులు తినే వెల్డింగ్ జాయింటు ఆయుష్షు కూడా అదే నిష్పత్తిలో పెరగదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఈ రెండు ముక్కలు సొంతంగా చెప్పగలిగిన కుర్రాణ్ని ఏ డిజైన్ మేనేజరూ అంత తేలిగ్గా వదులుకోడు.

అసలు చిక్కు జాయింటులో ఉంది. గుంజ జరగాలంటే రెండు భాగాల మధ్య కొంచెం ఖాళీ వదలాలి. ఆ ఖాళీ వల్ల ప్రతి గుంతకూ గుంజ కొట్టుకుంటుంది, రంధ్రం సాగిపోతుంది, మట్టి చేరి పిన్ను పట్టేస్తుంది. హైడ్రాలిక్‌తో నిలబెట్టారనుకోండి, హోసు తెగితే? ఆ క్షణంలో గుంజ తెరుచుకుని దుంగలు దొర్లకూడదు. సిలిండర్ దగ్గరే నూనెను ఆపేసే వాల్వ్ ఉండాలి, లేదా మెకానికల్ లాక్ ఉండాలి. మీవాడి డ్రాయింగ్‌లో దీనికి సమాధానం ఉందేమో అడగండి. లేదంటే వాడు ఇంకా వీడియోలు చూసే దశలోనే ఉన్నాడన్నమాట.

ఇక్కడ మీకు ఒక అనుకూలత ఉంది, దాన్ని మీరు గమనించినట్టు లేరు. మీ జిల్లాలోనే సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు ఉంది. రాజమండ్రిలో ఆంధ్రా పేపర్, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ఉన్నాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు కర్ర లోడ్లు మీ రోడ్ల మీదే తిరుగుతుంటాయి. ఫిన్లాండ్ విద్యార్థికి ఫార్వర్డర్ ఎలాగో మీవాడికి ఈ లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు అలాగ. మన రైతు పొలంలో అంత ఖరీదైన యంత్రం దిగదు, అందులో సందేహం లేదు. చిన్న కమతాలు, కూలీలతో కోత, తొక్క తీయడం కూడా చేత్తోనే. మనకు పనికొచ్చేది ట్రాలీకి బిగించే, పిన్నుతో జరిగే, ఊళ్లో వెల్డరు బాగు చేయగలిగే గుంజ. నన్నడిగితే ప్రాజెక్టు పేరులోంచి ‘ఫార్వర్డర్’ తీసేసి ‘ట్రాక్టర్ ట్రాలీ’ అని పెట్టించేస్తాను.

కాబట్టి పని మొదలవ్వాల్సింది కంప్యూటర్ ముందు కాదు. ఒక లోడింగ్ జరిగే చోటికి టేపు పట్టుకుని వెళ్లమనండి. దుంగల పొడవు, లావు, గుంజ ఎక్కడ వంగింది, పాత వెల్డింగ్ మీద ఎన్నోసారి మళ్లీ వెల్డింగ్ పడింది, మోకు ఏ ఎత్తులో కట్టారు, డ్రైవరు దేనికి విసుక్కుంటున్నాడు, ఇవన్నీ రాసుకోవాలి. కాటా చీటీలు చూస్తే పొలం నుంచి వచ్చిన లోడు ఎంత తూగుతుందో తెలుస్తుంది. హమాలీలను తప్పక అడగాలి. గుంజ తీసే క్షణంలో ఎవరు ఎక్కడ నిలబడతారో వాళ్లే చెప్పగలరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు ఉన్నాయి, సెలవుల్లో అక్కడ కొన్నాళ్లు గడిపితే కాలేజీ ల్యాబులో దొరకనిది దొరుకుతుంది.

చట్టం సంగతి కూడా మరిచిపోకూడదు. రవాణా వాహనం మొత్తం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. బరువు మించితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు ప్రతి టన్నుకూ 2,000. లోడు పక్కకు పొడుచుకొచ్చినా 20,000. పొడవు పెరిగే గుంజ చేతికిస్తే మనవాళ్లు ముందు చేసేది ఇంకో రెండు వరసలు పేర్చడమే. కాబట్టి ‘ఎక్కువ లోడు పడుతుంది’ అని గొప్పగా రిపోర్టులో రాయవద్దని చెప్పండి. తేలిక కర్రకు ఎత్తు, బరువు కర్రకు పొట్టి అనేలా గుంజ మీద గుర్తులు పెట్టడం కూడా డిజైన్‌లో భాగమే. మన దేశంలో ట్రక్కు బాడీలకు ఏఐఎస్-093 అనే కోడ్ ఉంది, అదీ చదవాలి.

గూగుల్ పేటెంట్స్‌లో బి60పి 3/41 అనే వర్గం వెతికితే దుంగలు మోసే వాహనాల పేటెంట్లు వరసగా వస్తాయి. తాను కనిపెట్టాననుకున్నది పదేళ్ల క్రితమే ఎవరో చేశారని తెలిస్తే మీవాడికి ఒకరోజు నీరసం వస్తుంది, పర్వాలేదు. ఇంకో మాట. నాలుగో వంతు కొలతలతో నమూనా చేసే టీములు చాలావరకు లోడును కూడా ముద్దొచ్చేలా చిన్నగా వేసేస్తాయి. అసలు గుంజలో వచ్చే ఒత్తిడే నమూనాలోనూ రావాలంటే బరువు పదహారో వంతు ఉండాలి. 12 టన్నులకు బదులు 750 కిలోలు. దుంగల సైజు నాలుగో వంతుకు తగ్గించి పేరిస్తే అందులో నాలుగో వంతే తూగుతుంది. ఎన్ని రంగురంగుల ఎనాలిసిస్ బొమ్మలు ప్రింట్ తీసినా ఈ తేడా దాగదు.

ఇక ఉద్యోగం. ఈ ప్రాజెక్టులో నేర్చుకునేవి స్ట్రక్చర్ డిజైన్, వెల్డింగ్, ఫెటీగ్ (పదేపదే లోడు పడి లోహం అలిసి పగలడం), హైడ్రాలిక్స్. ట్రాక్టర్లు, ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, ట్రైలర్లు చేసేవాళ్లకు కావాల్సినవి ఇవే. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ ప్లాంటు, శ్రీసిటీలో కొబెల్కో, పుణెలో జాన్ డీర్ టెక్నాలజీ సెంటర్, హైదరాబాద్‌లో సైయెంట్ లాంటి ఇంజినీరింగ్ సర్వీసెస్ కంపెనీలు ఉన్నాయి. రెజ్యూమెలో ‘కలప గుంజలు’ అని రాస్తే హెచ్‌ఆర్‌కు అర్థం కాదు, ‘లోడ్ మోసే స్ట్రక్చర్ డిజైన్, టెస్టింగ్’ అని రాయాలి. సాఫ్ట్‌వేర్ కోచింగ్ మీద నాకు కోపం లేదు. స్ట్రెయిన్ గేజ్ (లోహం ఎంత సాగిందో కొలిచే పరికరం) లెక్కలు గ్రాఫులుగా మార్చేంత పైథాన్ నేర్చుకుంటే ఈ ప్రాజెక్టుకే పనికొస్తుంది. కోడింగ్ ఇష్టం లేని పిల్లాణ్ని అందులోకి తోస్తే మాత్రం మెకానికల్‌లోనూ సగం, కోడింగ్‌లోనూ సగం మిగులుతాడు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ, ఆ మాట ఇప్పుడే ఇంట్లో అనుకోండి.

విదేశాల కోరిక తప్పేమీ కాదు. ఫార్వర్డర్లు చేసే పొన్సె కంపెనీ 1970లో ఫిన్లాండ్‌లోని వియెరెమా అనే చిన్న ఊళ్లో మొదలైంది, ఇప్పటికీ అక్కడే ఉంది. జాన్ డీర్ ఫార్వర్డర్లు ఫిన్లాండ్‌లోనే యోయెన్సూలో తయారవుతాయి, కొమాట్సువి స్వీడన్‌లోని ఉమెయోలో. స్వీడన్‌లో ఎక్స్‌టీ అనే కంపెనీ ప్రధానంగా ఈ బంకులు, గుంజలే చేస్తుంది. వీటిలోకి దారి సాధారణంగా అక్కడి మాస్టర్స్ ద్వారానే. మొబైల్ యంత్రాల హైడ్రాలిక్స్‌కు ఫిన్లాండ్‌లో టాంపెరె, స్వీడన్‌లో లింషాపింగ్ యూనివర్సిటీలకు పేరుంది. మాస్టర్స్ థీసిస్‌ను కంపెనీలోనే చేసే అలవాటు అక్కడ ఉంది, తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఆ దశలోనే. అయితే మనవాళ్లకు స్వీడన్‌లో 2011 నుంచి, ఫిన్లాండ్‌లో ఇంగ్లీషు కోర్సులకు 2017 నుంచి ఫీజులున్నాయి. స్కాలర్‌షిప్ రాకుండా అప్పు చేసి పంపమని నేను చెప్పను. అంత చిన్న ఊళ్లలో ఇంగ్లీషుతో చదువు గడుస్తుంది, వర్క్‌షాపులో పని గడవడానికి ఫిన్నిష్ లేదా స్వీడిష్ రావాలి. రెండేళ్లు ఇక్కడ ట్రాక్టర్, ట్రైలర్ రంగంలో పని చేసి వెళ్తే స్కాలర్‌షిప్ దరఖాస్తుకూ బలం ఉంటుంది, మీ మీద భారమూ తగ్గుతుంది.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఒక్కటే. కాలేజీ నుంచి పర్మిషన్ లెటర్ తెప్పించుకోమనండి, ఈ సెలవుల్లోనే లోడింగ్ దగ్గరికి, కాటా దగ్గరికి పంపండి. వీలైతే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి, లోడు దించే చోట దూరంగా నిలబెట్టే బాధ్యత మీదే. నాలుగో సంవత్సరం మొదలై నెల గడిచేసరికి కూడా కొలతల పుస్తకం ఖాళీగానే ఉంటే టాపిక్ మార్చుకోమని చెప్పండి. అప్పటికి గైడు ఒప్పుకునే సమయం ఇంకా ఉంటుంది.