ముందు కోచ్‌ను ఆపండి, తండ్రి తనంతట తానే ఆగుతాడు

“పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లేవాళ్లు గొడవకు దిగే తల్లిదండ్రులను, కోచ్‌లను ఎలా అదుపు చేస్తారు? వచ్చే నెల మొదటిసారి నేను ఈల పట్టుకోబోతున్నాను” అని ఒకరు అడిగారు. ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే సలహా ఒకటే: ఓపిక పట్టండి, నవ్వుతూ ఉండండి, వినీ విననట్టు ఊరుకోండి. ఈ సలహాతో నేను ఏ మాత్రం ఏకీభవించను. మీరు విననట్టు ఊరుకున్న ప్రతి మాటనూ కోర్టులో ఉన్న పిల్లలు వింటూనే ఉంటారు. రిఫరీని ఏమన్నా ఏమీ కాదని వాళ్లకు ఆ రోజే తెలిసిపోతుంది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. విశ్వవిద్యాలయం జట్టులో కబడ్డీ ఆడాను. ఆ తర్వాత చాలా ఏళ్లుగా పాఠశాలల పోటీల్లో అంపైర్‌గా, రిఫరీగా నిలబడుతున్నాను. ఈ అనుభవంతో గట్టిగా చెప్పగలను: గొంతు చించుకునేది తండ్రే అయినా, ఆ గొడవ పుట్టేది కోచ్ దగ్గర. తల్లిదండ్రుల్లో చాలామందికి నిబంధనలు తెలియవు. ఈల మోగగానే వాళ్లు ముందు కోచ్ ముఖం చూస్తారు. కోచ్ మామూలుగా ఉంటే వాళ్లూ కూర్చుంటారు. కోచ్ చేతులు విదిలించి జనం వైపు తిరిగాడా, ఇక అన్యాయం జరిగిపోయిందనే లెక్క.

ఒక సెమీఫైనల్ గురించి చెబుతాను. జిల్లా స్థాయి, అండర్-17 బాలురు. ముందు రోజు రాత్రి వాన పడింది. మట్టి కోర్టు ఇంకా తడిగానే ఉంటే మళ్లీ సున్నంతో గీతలు వేయించి ఆట మొదలుపెట్టాం. చివరి నిమిషానికి ఒక్క పాయింటు తేడా. వెనకబడిన జట్టు కెప్టెనే కూతకు వెళ్లాడు. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్లవాడు, మంచి ఆటగాడు. ఎదుటి కోర్టులో ఆరుగురు ఉన్నారు కాబట్టి బోనస్‌కు, అంటే బోనస్ గీత అవతల కాలు మోపితే వచ్చే అదనపు పాయింటుకు, వీలుంది. అతను ఎడమ మూలకు వెళ్తున్నట్టు కదిలి, ఒక్కసారిగా కుడికాలు చాచి బోనస్ గీత అవతల మోపాడు. అయితే బోనస్ రావాలంటే ఆ క్షణంలో వెనక కాలు గాలిలో ఉండాలి. అతని ఎడమకాలి బొటనవేలు నేలను వదల్లేదు. తడి మట్టిలో జానెడు పొడవున గాడి పడింది. గీత దగ్గరున్న అంపైర్ బొటనవేలు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పిల్లవాడు ఎవరినీ తాకకుండానే మధ్య గీతకు తిరిగి వచ్చేశాడు. పాయింటు లేదు.

“బోనస్! బోనస్!” అని కేకలు మొదలయ్యాయి. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఫోను పైకెత్తి చూపిస్తూ నేరుగా కోర్టులోకి నడిచి వచ్చాడు. ఆ కెప్టెన్ తండ్రి. “వీడియో ఉంది, చూడండి! ఆడమనిషికి కబడ్డీ ఏం తెలుసని రిఫరీగా పెట్టారు?” అన్నాడు. వెనక ఇంకో నలుగురైదుగురు గీత దాకా వచ్చి నిలబడ్డారు. కోచ్ మాత్రం బెంచీ పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మొదటి సగం నుంచీ ప్రతి ఈలకూ జనం వైపు తిరిగి “చూశారుగా” అన్నట్టు తల ఆడించింది ఆయనే. విరామంలో ఒకసారి పిలిచి చెప్పాను కూడా.

నేను ఈల వేసి సమయం ఆపించాను. ఫోను వైపు చూడలేదు, తండ్రికి జవాబు చెప్పలేదు. ఆయన పక్క నుంచే నడిచి కోచ్ దగ్గరికి వెళ్లి గ్రీన్ కార్డు చూపించాను. మా ఆటలో అది హెచ్చరిక. దాని తర్వాత పసుపు కార్డు పడితే రెండు నిమిషాలు బయట, ఎరుపు పడితే ఇక ఆ మ్యాచ్‌లో చోటు లేదు. ఆయనకు మాత్రమే వినిపించేంత గొంతుతో, “మాస్టారూ, వాళ్లు మీ జట్టుతో వచ్చినవాళ్లు. వాళ్లను బయటికి పంపాల్సింది మీరే. పంపకపోతే తర్వాతి కార్డు తీస్తాను, అప్పటికీ కాకపోతే ఆట ఆపేసి నివేదిక రాస్తాను” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. “మేడమ్, ఆయన మా బడి కమిటీ చైర్మన్. ఆయనకు నేనెలా చెప్పగలను?” అన్నాడు.

“జట్టును తీసుకొచ్చింది మీరు కదా మాస్టారూ” అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆయన వెళ్లి ఆ తండ్రి మోచేయి పట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. పెద్దమనిషి రెండు మాటలు గొణిగి బయటికి నడిచాడు. వెనక వచ్చినవాళ్లు కూడా జారుకున్నారు. అదే నేను ఆ తండ్రితో వాదనకు దిగి ఉంటే అరగంట పట్టేది. వెనక కాలు గాలిలో ఉండాలనే నియమం ఆయనకు నేర్పడానికి ఆ సమయం చాలదు, ఆ జనం ముందు ఆయన నేర్చుకోడు. తన వాళ్ల ముందు మాట నెగ్గించుకోవాలనుకునే మనిషికి ఎంత వివరించినా రెచ్చిపోవడమే తప్ప ఫలితం ఉండదు. కోచ్ మాటకైతే తలవంచినట్టు ఉండదు, వాళ్లిద్దరూ ఒకే వైపు మనుషులు.

ఆ గడబిడలో ఇంకొకటి కంటపడింది. అందరూ నా వైపు చూస్తుండగా ఆ కెప్టెన్ మెల్లగా బోనస్ గీత దగ్గరికి వెళ్లి, మట్టిలో పడిన ఆ గాడిని అరికాలితో చెరిపేశాడు. నేను ఏమీ అనలేదు. ఆ పిల్లవాడిని తప్పుపట్టడానికి ఇప్పటికీ మనసొప్పదు. తన కాలు ఎక్కడుందో అందరికంటే బాగా తెలిసింది అతనికే. తండ్రి అంతమంది ముందు అరుస్తుంటే ఆ వయసు పిల్లవాడు ఇంకేం చేస్తాడు?

ఆట మళ్లీ మొదలైంది, ఆ జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడింది. కోచ్ స్కోర్ షీట్ మీద సంతకం పెట్టనన్నాడు. “సంతకానికి నిరాకరించారు” అని రాసి అంపైర్లిద్దరి చేత సంతకాలు చేయించాను. లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు. బోనస్ ఔనా కాదా అన్నది కోర్టులో ఉన్నవాళ్లు తేల్చే విషయమని కమిటీ తోసిపుచ్చింది. మర్నాడు జిల్లా జట్టు ఎంపికలో ఆ పిల్లవాడి పేరు ఉంది. ఎంపిక చేసేవాళ్లు రెండు రోజులుగా అక్కడే కూర్చుని అతని ఆట చూస్తున్నారు. ఆ ఒక్క బోనస్‌తో వాళ్లకు పనే లేదు.

తల్లిదండ్రులకు అర్థం కానిది ఇదే. వాళ్లు పోట్లాడేది పాయింటు కోసం అనుకుంటాం, నిజానికి సర్టిఫికెట్ కోసం. మండలం, జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ పాఠశాలల క్రీడల్లో ఆడితే ఫారం-4 అనే సర్టిఫికెట్ వస్తుంది. దాని మీద స్పోర్ట్స్ కోటా ఆశలు ఉంటాయి. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నాటి క్రీడా విధానం ఆ 2 శాతాన్ని 3 శాతం చేసింది. ఇది మంచి పనే, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ రెండెకరాలు కౌలుకు చేసుకునే తండ్రికి కొడుకు కూతలో ఒక ఉద్యోగం కనిపిస్తున్నప్పుడు రిఫరీ ఈల ఆ ఉద్యోగాన్ని లాక్కున్నట్టే వినిపిస్తుంది. ఓడిన జట్టులోంచి కూడా పిల్లలను తీసుకుంటారని వాళ్లకు చెప్పాల్సింది కోచ్. చెప్పడు. ‘ఫైనల్‌కు వెళ్తేనే ఎంపిక’ అని భయపెడితే పిల్లలు కసిగా ఆడతారని ఆయన నమ్మకం. ఆ భయమంతా చివరికి మన మీదికి వస్తుంది.

వయసు తగ్గించి పత్రాలు తెచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అండర్-14లో మీసాలు వచ్చిన ఆటగాణ్ని దించి, పత్రం అడిగితే ముందుగా కేకలు వేసేది వాళ్లే. పత్రాల పరిశీలన నిర్వాహకుల పని. వాళ్లు కళ్లు మూసుకుంటే ఆ గొడవ కూడా రిఫరీ నెత్తినే పడుతుంది.

ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మా ఆటకు గౌరవం పెరిగింది, బడి మైదానాల్లోకి పిల్లలు తిరిగి వచ్చారు. అందుకు నాకు చాలా సంతోషం. అయితే టీవీలో రివ్యూ చూసిన ప్రతి ఒక్కరూ జిల్లా మైదానంలో కూడా రివ్యూ అడుగుతున్నారు. అక్కడ చుట్టూ కెమెరాలుంటాయి. ఇక్కడ ఒక మూల నుంచి చేయి వణుకుతూ తీసిన వీడియోలో ముందు కాలు కనిపిస్తుంది, వెనక కాలికి అడ్డంగా ఇంకొకరి తొడ ఉంటుంది. ఎవరి ఫోనూ చూడకండి. ఒక్కసారి చూశారంటే ఆ రోజంతా ప్రతి ఈలకూ ఒక ఫోను మీ ముఖం ముందు ఉంటుంది.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మెరె పట్టణంలో రిచర్డ్ న్యూవెన్‌హైజెన్ అనే ఆయన తన కొడుకు ఆడుతున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌కు స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడ్డాడు. మ్యాచ్ అయ్యాక ఎదుటి జట్టు వాళ్లు కొట్టిన దెబ్బలకు మర్నాడు చనిపోయాడు. శిక్ష పడినవాళ్లలో కుర్రాళ్లతో పాటు ఒక ఆటగాడి తండ్రి కూడా ఉన్నాడు. ఆ తర్వాతి వారాంతం ఆ దేశంలో ఔత్సాహిక ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నీ రద్దు చేశారు. ‘మాటలే కదా, పోనీలే’ అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2008లో మొదలుపెట్టిన కార్యక్రమంలో తల్లిదండ్రులను తాడు వెనక నిలబెట్టే పద్ధతి ఉంది. అది చదివాక నేను కూడా తాడు అడగడం మొదలుపెట్టాను. కోర్టుకు నాలుగైదు అడుగుల అవతల, రెండు చివర్ల వైపు మాత్రమే జనం ఉండాలి. పక్క గీతల వెంట ఉంటే అంపైర్ చెవిలోనే అరుస్తారు. తాడు కట్టకపోతే ఆట మొదలుపెట్టను. నిర్వాహకులు విసుక్కుంటారు, అయినా కడతారు.

ఆట మొదలయ్యే ముందు ఇద్దరు కోచ్‌లను, కెప్టెన్లను ఒక్కచోట నిలబెట్టి, నాతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడేనని, బయట ఎవరు అరిచినా కోచ్‌నే అడుగుతానని చెప్పండి. మొదటి హెచ్చరిక మొదటి ఐదు నిమిషాల్లోనే ఇవ్వండి. స్కోరు సమంగా, సమయం బోలెడంత ఉన్నప్పుడు ఇస్తే ఎవరూ పక్షపాతం అనలేరు. చివరి నిమిషంలో మొదటిసారి కార్డు తీస్తే అదే ఓటమికి కారణమంటారు. గొంతు పెంచకండి. నిర్ణయం గురించి కోచ్ అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి, “వెనక కాలు నేల మీదే ఉంది” అని. రెండో వాక్యం వాదన అవుతుంది.

మీరు అమ్మాయి అయితే ఇంకొక మాట. “ఆడమనిషికి ఏం తెలుసు” అనేది ఆట గురించిన విమర్శ కాదు, దుర్భాష. బూతు మాటకు ఏ కార్డు తీస్తారో దానికీ అదే తీయండి. మైదానం నుంచి ఒంటరిగా బయలుదేరకండి, మిగతా అధికారులతో కలిసే వెళ్లండి. ఈ పనికి ఇచ్చే భత్యం బస్సు ఛార్జీలకు, మధ్యాహ్నం భోజనానికి సరిపోతే గొప్ప. అది కూడా నెలల తర్వాత వస్తుంది. ఇంత తక్కువ ఇస్తూ ఇన్ని మాటలు పడమంటే కొత్తవాళ్లు ఎందుకు వస్తారో నిర్వాహకులు ఆలోచించాలి.

ఆ సెమీఫైనల్ రోజు సాయంత్రం నిర్వాహకుల్లో ఒకరు వచ్చి, “పెద్దమనిషి కదా మేడమ్, కాస్త సర్దుకుపోవాల్సింది” అన్నారు. నాకు ఆ తండ్రి మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మీకు కూడా ఎవరో ఒకరు ఆ మాట చెబుతారు. నివేదిక మాత్రం ఆ రోజే, మైదానం వదలకముందే రాయండి. ఎవరు, ఏ నిమిషంలో, ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. సర్దుకోమన్నవారి పేరు, ఆ మాట కూడా అందులో రాయండి.